డాలర్ల కోసమైతే సరే, సేవకైతే వద్దా?

మా అబిడ్స్, నాంపల్లి వైపు మిషనువాళ్ళు పెట్టిన బడులు ఎక్కువ. సెయింట్ జార్జి గ్రామర్ స్కూలు 1834 నాటిది. చాపెల్ రోడ్డులోని స్టాన్లీ ఆడపిల్లల బడి 1895లో పెట్టినది. ఎక్కడెక్కడి వాళ్ళో సముద్రాలు దాటి వచ్చి ఇక్కడ పలకలు పట్టించారు. అందుకేనేమో, మిషను అనగానే మనకు తెల్లదొరలే గుర్తుకొస్తారు. మరి మనవాళ్ళూ అలా వెళ్ళారని మీకు తెలుసా?

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ఆఫ్రికాలో కొన్నేళ్ళు నర్సుగా సేవచేసి వచ్చిన ఒక పెద్దావిడ ఈమధ్య వాళ్ళ బడికి అతిథిగా వచ్చి ఆ సంగతే చెప్పారట. 1860లో ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి కూలీలను డర్బన్ చేర్చింది. ఆ తర్వాత 1911 దాకా ఓడలు వెళుతూనే ఉన్నాయి. చెరకు తోటల్లో చాకిరీకి వెళ్ళిన వాళ్ళలో తెలుగువాళ్ళూ బోలెడుమంది. వాళ్ళ కోసం 1903లో నెల్లూరు నుంచి జాన్ రంగయ్యగారు, ఆయన భార్య కనకమ్మగారు బయలుదేరారు. పంపింది దొరలు కాదండీ, మన తెలుగు బాప్టిస్టులు పెట్టుకున్న సంఘమే! ఆ ఏడాది డిసెంబరులోనే అక్కడ కియర్స్‌నీ అనే ఊళ్ళో చర్చి మొదలుపెట్టారు.

పిల్లలు సింహాలను చూశారా అని అడిగారట. మా అమ్మాయి మాత్రం "కనకమ్మగారికి బెంగ వెయ్యలేదా?" అని అడిగిందట. పుట్టింటికి వెళ్ళిరావాలంటే సముద్రం దాటాలి. కొత్త దేశంలో పొయ్యి పెట్టుకుని, ఇంటికొచ్చిన వాళ్ళందరికీ అన్నం వండి పెట్టడం అంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు కదా!

ఆ రాత్రి భోజనాల దగ్గర "నేనూ నర్సు చదివి అలా వెళతాను" అంది. మావారు నవ్వేశారు. మా అత్తగారు కంచం ముందు నుంచి లేచినంత పనిచేశారు. ఇదే పిల్ల అమెరికా చదువంటే మనం ఏం చేస్తాం? అప్పుచేసైనా పంపుతాం, చుట్టాలందరికీ గొప్పగా చెప్పుకుంటాం. డాలర్లకైతే దూరం లేదు, సేవకైతే వచ్చేస్తుంది! నాకూ గుండె దడదడలాడింది, కాదనను. కన్నకడుపు కదా!

నేను ఔననలేదు, కాదనలేదు. "ఆఫ్రికా దాకా ఎందుకు, ముందు మన పక్కనున్న సర్కారు దవాఖానకు పోదాం పద" అన్నాను. ఆదివారం పులిహోర పొట్లాలు కట్టుకుని వెళ్ళాం. దూరపు పల్లెల నుంచి వచ్చి చెట్టుకింద కూర్చున్న బాలింతలు మొహమాటంగా తీసుకున్నారు. అమ్మాయికి ఆ అతిథి చెప్పిన మాట గుర్తొచ్చిందట: "ఇచ్చేముందు ఏం కావాలో అడగండి. అక్కడివాళ్ళే నాకు ఎక్కువ నేర్పారు." అడిగింది. "పులుపు వద్దు బిడ్డా, పిల్లకు పాలు కలిపేటందుకు వేడినీళ్ళుంటే చాలు" అన్నదొక తల్లి.

చూశారా, నాలుగు శేర్ల పులిహోర కలిపినా నాకు తట్టని సంగతి అది!

ఇప్పుడు ప్రతి ఆదివారం రెండు పెద్ద ఫ్లాస్కులు వెళుతున్నాయి. ఆఫ్రికా మాట మా ఇంట్లో ఇంకా తేలలేదు. అత్తగారు మాత్రం, తెల్లారకముందే లేచి నీళ్ళు కాచి పెడుతున్నారు.