బండి ఒకరిది, ఇంజను మరొకరిది

బస్సునో లారీనో చూసినప్పుడు దాని ముఖాన మెరిసే పేరునే మనం తయారీదారు పేరుగా భావిస్తాం. బానెట్ ఎత్తితే కనబడే ఇనుప దిమ్మె మీద వేరొక సంస్థ పేరు ఉండవచ్చునన్న సంగతి సామాన్యంగా ఎవరికీ తట్టదు. ముప్పై ఏళ్లుగా డీజిల్ ఇంజన్ల మరమ్మతు శాఖలో ఉన్న మాకు మాత్రం ముందుగా కంటబడేది ఆ రెండవ పేరే. ఆ పేరు మారిపోయినప్పుడు బండి యజమాని మనసులో కలిగే కలవరం ఎటువంటిదో, అందులో న్యాయమెంత, అపోహ ఎంత అన్నది మేము చాలాకాలంగా ఆలోచిస్తున్న విషయం. దీనికి అమెరికా దేశపు పికప్ ట్రక్కుల కథకు మించిన ఉదాహరణ మాకు దొరకలేదు.

పికప్ అనగానే మన కళ్ల ముందు మెదిలేది సంతకు కూరగాయల బస్తాలు మోసే చిన్న బండి. అక్కడి పెద్ద పికప్‌ల పని వేరు. గుర్రాలను, పశువులను ఎక్కించిన ట్రైలర్లను, గడ్డి చుట్టలను, ఇళ్లు కట్టేవారి సామగ్రిని కొండదారులలో లాగవలసిన బండ్లు అవి. అంత బరువుకు పెట్రోలు ఇంజను ఇంధనం విపరీతంగా తాగుతుంది. డీజిల్ కావాలి. కాని డీజిల్ ఇంజను అక్కడి కార్ల కంపెనీలకు అంతగా పట్టుబడిన విద్య కాదు. జనరల్ మోటార్స్ సంస్థ 1978 మోడలు కార్లలో ప్రవేశపెట్టిన ఓల్డ్స్‌మొబైల్ డీజిల్ ఇంజనుకు హెడ్ బోల్టులు నిలవలేదు. ఇంధనంలోని నీటిని వేరుచేసే ఏర్పాటు లేక పంపులు పాడయ్యాయి. ఆ అప్రతిష్ఠతో అక్కడి జనం డీజిల్ కారంటేనే మొహం చాటేశారు.

అందుచేత ఫోర్డ్ సంస్థ 1983 మోడలు పికప్‌ల కోసం 6.9 లీటర్ల వి-8 డీజిల్ ఇంజన్లను ఇంటర్నేషనల్ హార్వెస్టర్ అనే ట్రాక్టర్ల, లారీల తయారీ సంస్థ నుంచి కొనుగోలు చేసింది. ఆ సంస్థే 1986లో నావిస్టార్ అని పేరు మార్చుకుంది. డాడ్జ్ పికప్‌లో 1989 మోడలు నుంచి కమిన్స్ వారి ఆరు సిలిండర్ల ఇంజను వచ్చింది. జనరల్ మోటార్స్ 2001 మోడలుకు జపాను దేశపు ఇసుజుతో కలిసి డ్యూరామాక్స్ ఇంజనును తెచ్చింది. మూడు మహాసంస్థలూ పెద్ద డీజిల్ దగ్గరకు వచ్చేసరికి పొరుగింటి తలుపు తట్టినవే. ఇందులో చిన్నతనమేమీ లేదు. వంట మనదే అయినా పిండి మరలో ఆడించుకురావడం వంటిదే.

ఫోర్డ్ బండ్లలో 1994 మధ్యకాలం నుంచి వచ్చిన 7.3 లీటర్ల పవర్ స్ట్రోక్ ఇంజను గురించి నాలుగు మాటలు చెప్పక తప్పదు. దీని ఇంజెక్టరును నొక్కేది కామ్ కాదు, ఇంజన్ ఆయిలే. ప్రత్యేకమైన పంపు ఆయిల్‌ను మూడు వేల పౌండ్ల దాకా పీడనానికి తెస్తుంది. ఆ ఆయిల్ ఇంజెక్టరులోని పెద్ద పిస్టన్‌ను నొక్కితే, చిన్న ప్లంజరు కింద డీజిల్ పీడనం దాదాపు ఏడు రెట్లవుతుంది. హైడ్రాలిక్ జాకీ ఎరిగినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. కాటర్‌పిల్లర్ సంస్థ అభివృద్ధి చేసిన ఈ పద్ధతిలో ఆయిల్ మార్చడం ఆలస్యం చేస్తే ఇంజెక్టరు అలుగుతుంది. యజమానులు ఆ అలకను కనిపెట్టి, తీర్చడం నేర్చుకున్నారు. లక్షల మైళ్లు నడిచిన బండ్లు ఊరూరా కనబడడంతో ఆ ఇంజను మీద గురి కుదిరింది.

ఉద్గారాల నిబంధనలు బిగిసిన తరువాత 2003లో దాని స్థానంలో అదే నావిస్టార్ తయారుచేసిన 6.0 లీటర్ల ఇంజను వచ్చింది. సరఫరాదారు మారలేదు, మారింది ఇంజను. కష్టాలన్నీ అక్కడి నుంచే. దాని వైఫల్యక్రమం మా వంటివారికి పాఠ్యగ్రంథంలోని అధ్యాయం వంటిది. సిలిండర్ల వరుసల నడుమ లోయలో ఆయిల్ కూలర్‌ను అమర్చారు. దాని దారులు బహు ఇరుకు. కూలెంట్‌లో కలిసిన పోత ఇసుక, గట్టిపడిన రసాయనాల రేణువులు ఆ దారులలో పేరుకుంటాయి. పొగను చల్లబరచి తిరిగి ఇంజనులోకి పంపే కూలర్‌కు కూలెంట్ అందవలసింది ఆ దారి గుండానే. ప్రవాహం తగ్గగానే అక్కడి కూలెంట్ మరిగి ఆవిరవుతుంది, గొట్టాలు పగులుతాయి, నీరు సిలిండర్లలోకి చేరుతుంది. ఒక్కొక్క సిలిండరు చుట్టూ నాలుగేసి బోల్టులతో బిగించిన హెడ్ ఆ అధిక పీడనానికి పైకి లేస్తుంది, గ్యాస్కెట్ పోతుంది. యజమానికి కనబడేది మాత్రం చివరి మెట్టే. గ్యాస్కెట్ వేయించుకొని ఇంటికి వెళతాడు. ఆయిల్ కూలర్ మూసుకుపోయే ఉంటుంది గనుక మళ్లీ షెడ్డుకు వస్తాడు. రెండవసారి వచ్చినవాడి ముఖం ఎలా ఉంటుందో మరమ్మతు శాఖలో పనిచేసిన ప్రతివారికీ తెలుసు.

వారంటీ ఖర్చు ఎవరు భరించాలన్న తగవు ముదిరి, 2007 జనవరిలో ఫోర్డ్ నావిస్టార్‌పై కోర్టుకెక్కింది. కొద్దివారాలకే నావిస్టార్ ఇంజన్ల సరఫరా ఆపివేయడం, కోర్టు ఉత్తర్వుతో తిరిగి మొదలుపెట్టడం కూడా జరిగాయి. 2009 జనవరిలో రాజీ కుదిరింది. ఆ ఏటి చివరితో ఒప్పందం ముగిసిపోయింది. నడుమ వచ్చిన 6.4 లీటర్ల ఇంజను 2008 నుంచి 2010 వరకు మూడు మోడళ్లకే పరిమితమయింది. 2011 మోడలు నుంచి ఫోర్డ్ తన సొంత 6.7 లీటర్ల డీజిల్ ఇంజనును మెక్సికోలోని చివావా కర్మాగారంలో తయారుచేసి అమర్చసాగింది.

పాత ఇంజనుతో విసిగినవారంతా ఈ వార్త విని సంతోషించి ఉంటారని ఎవరైనా అనుకుంటారు. అలా జరగలేదు. నావిస్టార్‌ను నోరారా తిట్టినవారే కొత్త ఇంజనును అనుమానంగా చూశారు. పెద్ద పికప్‌కు సొంతంగా డీజిల్ ఇంజను చేసిన అనుభవం ఫోర్డ్‌కు లేదన్నారు. మొదటి ఏడు కొనేవాడు కంపెనీకి ఉచితంగా పరీక్షలు చేసిపెట్టినవాడే అన్నారు. మాకు ఇందులో ఆశ్చర్యం కలగలేదు. పాత ఇంజను రోగం వారికి తెలుసు, మందు తెలుసు, ఆ మందు వేసే మేస్త్రీ ఇల్లు తెలుసు. హెడ్ బోల్టుల స్థానంలో గట్టి స్టడ్లు వేసి, కూలర్ మార్చి ఆ ఇంజనును నిలబెట్టే విద్య అప్పటికి ఊళ్లలో వ్యాపించింది. ఇంజను మారడమంటే ఆ విద్య అంతా ఒక్క రోజులో అక్కరకు రాకుండా పోవడమే. కంపెనీ ప్రకటనలు అశ్వశక్తి గురించి చెబుతాయి. ఈ నష్టం గురించి చెప్పవు.

మన వైపు ఇటువంటి కలవరం లేకపోలేదు. టాటా సంస్థ కమిన్స్‌తో కలిసి 1993లో జంషెడ్‌పూర్‌లో ఇంజన్ల సంస్థను స్థాపించిన తరువాత, టాటా లారీలలో కమిన్స్ బి-శ్రేణి ఇంజను వచ్చింది. అమెరికాలో డాడ్జ్ పికప్‌ను నిలబెట్టినది ఈ శ్రేణే. కాని ఆ రోజులలో విజయవాడ ఆటోనగర్‌లో మేము విన్న మాటలు వేరు. 692, 697 అనే అంకెలు పలికితే చాలు, కళ్లకు గంతలు కట్టినా ఇంజను విప్పి బిగించగల మేస్త్రీలు అక్కడ వీధి వీధినా ఉండేవారు. చిలకలూరిపేట దగ్గర బండి ఆగినా, నాగపూర్ దాటాక ఆగినా దానికి విడిభాగం దొరికేది. "కొత్త ఇంజను మంచిదే కావచ్చు బాబూ, అర్ధరాత్రి ఆగిపోతే దాని భాష ఎవరికి వచ్చు?" అని ఒక లారీ యజమాని మాతో అన్నారు. కొద్ది ఏళ్లలో ఆ భాషను ఆటోనగర్ నేర్చుకుంది. అయితే ఆ కొద్ది ఏళ్లలో లారీ మీద అప్పు తీర్చవలసినవాడికి ఆ మాట ఊరట కాదు.

ఈ విషయం ఇప్పుడు రాయడానికి కారణం మా షాపులోనే ఉన్నది. నిరుడు పదవీ విరమణ చేసిన మా ఫోర్‌మన్ గారు తమ కుమారునికి పికప్ కొనిపెట్టదలిచారు. భీమవరం పరిసరాలలో చెరువుల దగ్గర నుంచి రొయ్యల పెట్టెలు మోసే వ్యాపారం. ఆయన మెచ్చిన బండికి ఇంజను సరఫరా చేసే సంస్థ మారబోతున్నదని, పాత ఇంజనుతో మిగిలిన బండ్లను కొంత తగ్గింపు ధరకు ఇస్తామని డీలరు చెప్పారట. "పాతది తీసుకోనా, కొత్తదానికి ఆగనా సార్? గ్రాట్యుటీ డబ్బు, రెండోసారి రాదు" అన్నారు. ఇంజన్లు విప్పడంలో మాకంటే చేయి తిరిగిన మనిషి ఆయన. అయినా సొంత డబ్బు దగ్గరకు వచ్చేసరికి సందేహం తప్పలేదు.

మేము ఆయనకు 6.7 ఇంజను తరువాతి కథ చెప్పాము. భయపడినవారి మాట కొంత నిజమయింది, కొంత కాలేదు. సాధారణ పోత ఇనుము కంటె బలమైన కాంపాక్టెడ్ గ్రాఫైట్ ఇనుముతో చేసిన దిమ్మె గట్టిదని తేలింది. పొగ గొట్టాలను లోయలోకి, గాలి దారులను బయటివైపుకు మార్చిన అమరిక వింతగా తోచినా నిలబడింది. కాని తొలి నమూనాలలోని చిన్న టర్బో బలం చాలక, 2015 మోడలుకు పెద్దది వేయవలసి వచ్చింది. బాష్ వారి అధిక పీడన ఇంధన పంపు చెడితే ఇనుప రజను ఇంధన వ్యవస్థ అంతటా వ్యాపిస్తుందన్న ఫిర్యాదులు కోర్టుల దాకా వెళ్లాయి. ఇంకొక ముచ్చట: బయటికి వచ్చినప్పుడు 390 హార్స్‌పవరు, 735 పౌండ్-అడుగుల టార్క్ ఉన్న ఆ ఇంజనును కొన్ని నెలలకే 400కు, 800కు పెంచి, అప్పటికే కొన్నవారికి సైతం ఆ మార్పును ఉచితంగా చేసిపెట్టారు. ముందుగా కొని దెబ్బతిన్నామన్న బాధ వారికి ఆ విషయంలోనైనా లేకుండా పోయింది.

ఫోర్‌మన్ గారికి వీటన్నిటిలో ఒక్క పంపు సంగతే పట్టింది. కారణం లేకపోలేదు. కొన్నేళ్ల క్రితం మా గనిలోని డంపర్లకు ఒక తయారీదారు ఇంజన్లు తీసి మరొకరివి వేసినప్పుడు అందరూ ఇంజను గురించే వాదించుకున్నారు. ఇంజన్లు బాగానే నడిచాయి. రెండు వర్షాకాలాలపాటు మమ్మల్ని ఏడిపించినది ఇంధనంలోని నీటిని వేరుచేసే పాత్ర. కొత్త ఇంజనుకు అది మూల పడింది. షిఫ్టు మొదట్లో దాన్ని వంపే అలవాటు కుర్రవాళ్లకు తప్పిపోయింది. ఆ పాత్రను ఎదురుగా కనబడే చోటికి మార్పించినది ఈ ఫోర్‌మన్ గారే.

రొయ్యల బండి విషయంలో మాకు మరొక శంక ఉన్నది. 2020 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చిన బి.ఎస్.-6 బండ్లలో పొగలోని మసిని పట్టి ఉంచే ఫిల్టరు ఉంటుంది. ఆ మసి కాలిపోవాలంటే బండి కొంతసేపు ఆగకుండా, వేడిగా నడవాలి. చెరువు గట్టు మీద మెల్లగా పోతూ, పెట్టెకొకచోట ఆగే బండిలో అంత వేడి పుట్టడం కష్టం. పాత ఇంజనుకైనా, కొత్త ఇంజనుకైనా ఈ చిక్కు ఒక్కటే. అందుకని వారానికొకసారైనా సరుకుతో పెద్ద రోడ్డు మీద గంటసేపు నడిపే బేరం ఒకటి కుదుర్చుకోమని కుమారునికి చెప్పమన్నాము.

చివరకు ఆయన పాతదా, కొత్తదా అన్న తర్కం పక్కన పెట్టి, మూడు ప్రశ్నలు చీటీ మీద రాసుకొని డీలరు దగ్గరకు వెళ్లారు. ఇంజను చెడితే వారంటీ రాసి ఇచ్చేది బండి కంపెనీయా, ఇంజను కంపెనీయా? పంపును, ఇంజెక్టర్లను బెంచి మీద పరీక్షించే కేంద్రం భీమవరానికి ఎంత దూరం? పాత ఇంజను విడిభాగాలు ఎన్నేళ్ల వరకు సరఫరా చేస్తారు? మొదటిదానికి కాగితం చూపించారు. రెండవదానికి పొరుగు జిల్లాలోని ఊరి పేరు చెప్పారు. మూడవదానికి కంపెనీని అడిగి ఫోను చేస్తామన్నారు. ఆ ఫోను కోసం ఆయన ఎదురుచూస్తున్నారు. బండి ఇంకా కొనలేదు.