నాయన వేగానికి మాట

మాది ఒంటిమిట్ట మాదిగపల్లె. ఇంటింటికీ ఫోన్లు లేని రోజుల్లో పెద్దకులపోళ్ల ఇండ్లల్లో ఎవరన్నా పోతే, చావు కబురు మోసేది మా నాయనే. ఒకనాటి రాత్రి బయల్దేరి, పాతిక కిలోమీటర్ల దూరంలోని కడపలో తెల్లారేసరికి వాళ్ల బంధువుల వాకిట నిలబడినాడు. కాళ్లకు చెప్పుల్లేవు. కబురు ఆలస్యమయితే తన్నులు. కూలి శేరు జొన్నలు.

బి.ఎడ్.లో ఇంగ్లీషు వ్యాసం రాయమంటే ఆ రాత్రి గురించే రాసినా. "మై ఫాదర్ రాన్ వెరీ వెరీ ఫాస్ట్." లెక్చరరు ఎర్రసిరాతో కొట్టేసి, క్లాసులో చదివి వినిపించినాడు. అందరూ నవ్వినారు. "పోస్ట్‌హేస్ట్ అని రాయాల. ఇది కూడా తెలీదా?" అన్నాడు. నాకు సిగ్గేసింది. నా ఇంగ్లీషుకు కాదు, నాయనను నవ్వులపాలు చేసినందుకు.

లైబ్రరీలో డిక్షనరీ తిరగేసినా. 16వ శతాబ్దంలో ఇంగ్లండులో జాబుల మీద "హేస్ట్, పోస్ట్, హేస్ట్" అని రాసేవాళ్లు. పోస్ట్ అంటే కబురు మోసేవాడు. తొందరగా పో అని వానికి హుకుం. వానికి మజిలీకొక గుర్రం మారేది. అంటే అది మా నాయనలాంటోళ్ల మాటే!

ఇప్పుడు సర్కారు బడిలో ఇంగ్లీషు చెప్తున్నా. పిల్లోళ్లు "వెరీ వెరీ ఫాస్ట్" అని రాస్తే కొట్టెయ్యను. ఎవరు పరిగెత్తినారు, ఎందుకు పరిగెత్తినారు అని అడుగుతా. ఆ తర్వాత పోస్ట్‌హేస్ట్ నేర్పిస్తా. "బ్రేక్‌నెక్ స్పీడ్" అంటే మెడ విరిగేంత వేగమని చెప్తా. ఆ మాటలు మా పిల్లోళ్లకూ రావాల. కానీ గుర్రం లేకుండా, చెప్పుల్లేకుండా, తన్నుల భయంతో పోయినోని వేగానికి ఇంగ్లీషులో మాట నాకింకా దొరకలేదు.