అమ్మను మోసిన మైళ్లు

పన్నెండేళ్లుగా అనువాద సదస్సులకు తిరిగిన ప్రయాణాల పుణ్యమా అని నా ఖాతాలో చేరిన మైళ్లతో, అమ్మకు హైదరాబాదు నుండి లండనుకు టికెట్టు తీశాను. అక్కడ చెల్లెలికి నెలలు నిండుతున్నవి. డెబ్బై రెండేళ్ల అమ్మకు అదే తొలి విమానయానం.

ఇరవై రోజుల ముందు ఈమెయిలు వచ్చింది: ప్రయాణ వేళలలో స్వల్పమైన మార్పు. ఆ స్వల్పంతో, దారిలో విమానం మారడానికి ఉన్న రెండున్నర గంటలు 35 నిమిషాలైనవి. ఇంగ్లీషు రాని అమ్మ, చక్రాల కుర్చీ, అంత పెద్ద విమానాశ్రయం!

విమానం నడిపే సంస్థవారు, "టికెట్టు ఇచ్చినది మేము కాదు" అన్నారు. మైళ్లు తీసుకున్న సంస్థవారు, "విమానం మాది కాదు" అన్నారు. అనువాదకురాలిని గనుక ఈ న్యాయం నాకు కొత్త కాదు: మూలం ఒకరిది, అనువాదం మరొకరిది, తప్పు మాత్రం ఎవరిదీ కాదు.

మూడవసారి వాదన మానుకొన్నాను. అదే రోజు ముందుగా బయలుదేరే విమానం సంఖ్య వెతికి పెట్టుకొని, టికెట్టు ఇచ్చినవారికే చెప్పాను. ఫోనులోని అమ్మాయి వెంటనే మార్చి, "సీటు దొరికితే చాలదు మేడమ్, టికెట్టు తిరిగి జారీ కావాలి. పదమూడంకెల కొత్త సంఖ్య వచ్చేదాకా నిశ్చింతగా ఉండకండి" అని హెచ్చరించింది. నిజమే. రెండు రోజులైనా అది రాలేదు. మళ్లీ అడిగితేనే వచ్చింది.

మనుమరాలిని ఒడిలో పెట్టుకొని అమ్మ ఫోను చేసింది.

"మైళ్లంటే నువ్వు తిరిగిన దూరమేగా? ఒంటరిగా అంతంత దూరాలేమిటని దిగులుపడేదాన్ని. చివరికి అవే నన్నిక్కడికి మోసుకొచ్చాయే!"