ఇంకెవరైనా

ఆ మధ్య ఒకరోజు పొద్దున పదకొండింటికి నన్ను మా ఇంటి హాల్లోంచి వంటింట్లోకి పంపించేశారు. పంపించింది మావారు కాదు, కోడలు అసలే కాదు. మెడలో గుర్తింపు కార్డు వేలాడేసుకుని, చేతిలో ట్యాబు పట్టుకుని వచ్చిన ఒక సర్వే అమ్మాయి. మా మనవడి వయసుకి పదేళ్ళు కలిపితే ఎంతో అంత ఉంటుందేమో.

"అమ్మా, ఏమనుకోకండి. మీ కోడలుగారితో ఒంటరిగా మాట్లాడాలి. కొంచెంసేపు లోపల కూచుంటారా?" అంది.

"నన్నేమీ అడగవా?" అన్నాను.

"నలభై తొమ్మిదేళ్ళ లోపు వాళ్ళనే అడుగుతామమ్మా" అంది. నాకు అరవై మూడు. అంటే పద్నాలుగేళ్ళ క్రితమే లెక్కలోంచి జారిపోయానన్నమాట.

సరే, వంటింట్లోకి వెళ్ళాను. వెళ్ళానే గాని, బడంగ్‌పేట్‌లో మా ఇంటి వంటింటికీ హాలుకీ మధ్య ఉన్నది గోడ కాదు, కర్టెను. చెవులు మూసుకోమని ఆ అమ్మాయి చెప్పలేదు కూడాను. ఎంతమంది పిల్లలు, ఎన్నేళ్ళు, ఎక్కడ కాన్పులు అని అడుగుతూ పోయి చివరికి అసలు సంగతికి వచ్చింది. పిల్లలు పుట్టకుండా ఏం చేయాలో ఎవరు నిర్ణయిస్తారు? "మీరా, మీ వారా, ఇద్దరూ కలిసా, ఇంకెవరైనానా?" అంది.

సరిగ్గా అప్పుడే కుక్కరు కూత వేసింది. కోడలు ఏం చెప్పిందో నాకు వినబడలేదు.

మామూలుగా అయితే అంతటితో మరిచిపోవలసిందే. కాని ఆ 'ఇంకెవరైనా' అన్న మాట దగ్గర నా మనసు ఆగిపోయింది. ఎందుకంటే, మూడు వారాలుగా కోడలికి రోజూ ఒకటే పాట పాడుతున్నాను. "ఇద్దరు పుట్టారు కదా. చంటివాడికి అయిదో నెల వచ్చింది. ఇంకెప్పుడు? ఆపరేషన్ చేయించేసుకుంటే ఒక పని అయిపోతుంది" అని. ఆ పిల్ల ఊఁ అనదు, ఊహూఁ అనదు. చంటివాణ్ణి భుజాన వేసుకుని బాల్కనీలోకి వెళ్ళిపోతుంది.

ఆ మాట నా సొంతం కాదు. నలభై ఏళ్ళ క్రితం మా అత్తగారి దగ్గర పుచ్చుకున్నదే.

1985లో నాకు ఇరవై మూడేళ్ళు. ఇద్దరు పిల్లలు. అప్పట్లో నల్లగొండ వైపు ఉండేవాళ్ళం. ఏ గోడ మీద చూసినా ఎర్ర త్రికోణమే. మావారు మంచివాడే. "నేను పోయి చేయించుకుంట" అన్నారు. నిజంగానే అన్నారు. పక్కనే బియ్యం ఏరుతున్న మా అత్తగారు చేట కింద పెట్టి, "మొగోడు, బరువులెత్తేటోడు. వానికెందుకు కోత? నువ్వు చేయించుకో పిల్లా, అయిపోతది" అన్నారు. అయిపోయింది.

ఆ రోజుల్లో మావారు ఎత్తిన బరువు గురించి కూడా చెప్పాలి. ఆయన ఒక ఆఫీసులో గుమాస్తా. పొద్దున టిఫిను డబ్బా ఎత్తేవారు, సాయంత్రం ఖాళీ డబ్బా ఎత్తేవారు. ఆపరేషనైన పన్నెండో రోజున బోరింగు దగ్గర నీళ్ళ బిందె ఎత్తింది నేను.

డాక్టర్లు చెప్పేది వింటే ఇంకా తమాషాగా ఉంటుంది. మగవాళ్ళ ఆపరేషన్‌కి పొట్ట తెరవనక్కర లేదు. కత్తి పెట్టకుండా, కుట్టు పడకుండా చేసే పద్ధతిని చైనాలో లీ షున్‌చియాంగ్ అనే డాక్టరు 1974లోనే కనిపెట్టాడు. కొద్ది నిమిషాల్లో అయిపోతుంది, ఆ రోజే నడిచి ఇంటికి వెళ్ళవచ్చు. మూడు నెలలు వేరే జాగ్రత్త తీసుకుని, పరీక్ష చేయించుకుంటే చాలు. బలమేమీ తగ్గదు. ఆడవాళ్ళదయితే కడుపు లోపలికి వెళ్ళి చేయవలసిన పని. సులువైనది ఒకరికి ఉండగా, కష్టమైనది ఇంకొకరి వంతు అయింది.

"మగవాళ్ళు రారమ్మా, ఏం చేస్తాం" అంటారు. రాకేం? 1971 జూలైలో కేరళలోని ఎర్నాకుళంలో ఒక్క నెల శిబిరం పెడితే అరవై మూడు వేల మందికి పైగా మగవాళ్ళు వచ్చి చేయించుకున్నారు. ఆ తరువాత ఎమర్జెన్సీ వచ్చింది. 1976–77లో దేశంలో జరిగిన ఎనభై లక్షల పైచిలుకు ఆపరేషన్లలో అరవై లక్షలకు పైగా మగవాళ్ళవే. అందులో ఎందరిని బెదిరించి తీసుకుపోయారో లోకానికి తెలుసు. 1977 ఎన్నికల్లో ప్రభుత్వమే కూలిపోయింది. అప్పటినుంచి మగవాళ్ళ జోలికి వెళ్ళాలంటే అందరికీ భయం. బల్ల ఖాళీగా ఉండకూడదు కదా, ఆడవాళ్ళని పిలిచారు. మేం వెళ్ళాం.

ఎంతమందిమి వెళ్ళామో లెక్క కూడా ఉంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో పెళ్ళయిన ఆడవాళ్ళలో నూటికి దాదాపు 62 మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే. మగవాళ్ళ ఆపరేషన్ మీద ఆధారపడ్డవాళ్ళు నూటికి ఇద్దరు. ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్ళు దాదాపు 70, మగవాళ్ళ లెక్క ఒకటి కూడా నిండదు. దేశంలో గర్భనిరోధం ఆడవాళ్ళ పని, మగవాడికి దానితో సంబంధం లేదు అని అదే సర్వేలో నూటికి 35 మంది మగవాళ్ళు ఒప్పుకున్నారు. మిగిలినవాళ్ళు ఒప్పుకోలేదు, అంతవరకూ సంతోషమే. కాని ఒప్పుకోనివాళ్ళు ఆసుపత్రి దాకా వెళ్ళిన జాడ కూడా లేదు.

అంకెలు నమ్మబుద్ధి కాక నేనూ ఒక సర్వే చేశాను. మాది పాత పంచాయతీ రోజుల్లో వేసిన వెంచరు. బడంగ్‌పేట్ 2019లో మునిసిపల్ కార్పొరేషన్ అయిందిగాని మా వీధి మాత్రం ఇప్పటికీ ఊరే. నల్లగొండ వాళ్ళు, పాలమూరు వాళ్ళు, గుంటూరు వాళ్ళు, అందరూ ఉన్నారు. సాయంత్రం అరుగుల మీద కూచున్నప్పుడు మెల్లిగా అడిగాను. పదకొండు ఇళ్ళలో ఆపరేషనైన ఆడవాళ్ళు తొమ్మిదిమంది. మగవాళ్ళు సున్నా. యాసలు నాలుగు రకాలుగాని, అందరి అత్తగార్లూ చెప్పింది ఒకటే మాట. మగాడు బరువులెత్తాలి!

అయితే 'ఇంకెవరైనా' అంటే అత్తగారే అనుకోకండి. ఒక్కోసారి ఏడు సముద్రాల అవతలి నుంచి వచ్చినవాళ్ళు కూడా అవుతారు. 1950లలో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయం వాళ్ళు పంజాబ్‌లో ఖన్నా దగ్గరి పల్లెల్లో పెద్ద పరిశోధన చేశారు. ఇంటింటికీ నురగ మాత్రలు పంచారు. జనం మర్యాదగా పుచ్చుకున్నారు. తరువాత మహమూద్ మమ్దానీ అనే పండితుడు అక్కడికి వెళ్ళి చూసి, 1972లో పుస్తకం రాశాడు. (2025లో న్యూయార్క్ మేయరుగా ఎన్నికైన జోహ్రాన్ ఈయన కొడుకే.) ఒక ఇంట్లో ఆయనకు ఆ మాత్రల డబ్బాలు ఒకదానిమీద ఒకటి పేర్చి చేసిన బొమ్మలాంటిది కనిపించిందట. అంత దూరం నుంచి వచ్చి ఇస్తుంటే వద్దనడం మర్యాద కాదని పుచ్చుకున్నారు. వాడడం మాత్రం తమ ఇష్టం. పొలం పనికి పిల్లలే కావలసిన ఇంట్లో మాత్రతో పనేముంది?

ఇది చదివి నవ్వుకున్నానుగాని, వెంటనే ఒకటి తోచింది. మాత్రలైతే పుచ్చుకుని బొమ్మ చేసి పెట్టుకోవచ్చు. ఆపరేషన్‌తో అది కుదరదు. మర్యాదకి ఊఁ అంటే జన్మకంతా ఊఁ అన్నట్టే. సమైక్య ఆంధ్రప్రదేశ్‌లో ఆపరేషన్ చేయించుకున్న ఆడవాళ్ళలో సగం మందికి పైగా అప్పటికి పాతికేళ్ళయినా నిండలేదని 2005–06 సర్వేలో తేలింది. నేనూ ఆ వరసలోదాన్నే.

సర్కారు కూడా ఒక 'ఇంకెవరైనా'యే. ఇద్దరిని మించి కంటే పంచాయతీ ఎన్నికల్లో నిలబడడానికి వీల్లేదని 1994లో చట్టం చేశారు. 2024లో ఆంధ్రప్రదేశ్ ఆ నిబంధన ఎత్తేసింది. ముసలివాళ్ళు పెరిగిపోతున్నారు, ఇంకా కనండి అని ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడుగారు అన్నారు. వద్దన్నప్పుడూ మాకే చెప్పారు, కావాలన్నప్పుడూ మాకే చెప్పారు. మధ్యలో మమ్మల్ని అడిగింది మాత్రం ట్యాబు పట్టుకొచ్చిన ఆ అమ్మాయి ఒక్కతే. అదీ నన్ను లోపలికి పంపించి!

ఆ రాత్రి భోజనాల దగ్గర కోడలు వడ్డిస్తుంటే, మా వాడితో అన్నాను.

"ఒరేయ్, ఆపరేషన్ నువ్వే చేయించుకోరాదూ?"

మావారికి పొలమారింది. మంచినీళ్ళు తాగి, తల వంచుకుని, "ఆనాడు నేను పోతననే అన్న" అన్నారు మెల్లిగా.

"అన్నారు. నేనూ మరిచిపోలేదు. ఆ తరువాత నలభై ఏళ్ళు ఆ మాట మళ్ళీ ఎత్తలేదు మీరు" అన్నాను.

మా వాడు కాసేపు అన్నం కలుపుతూ, "ఆలోచిస్తానమ్మా" అన్నాడు. కోడలు ఏమీ అనలేదు. నా కంచంలో అడగకుండానే ఇంకో గరిటె పప్పు వేసింది.

చాలా గొప్ప పని చేశాననుకుంటూ రెండు ముద్దలు తిన్నాను. మూడో ముద్దకి గుర్తొచ్చింది. ఇప్పుడు నేను చేసిందేమిటి? కోడల్ని వదిలి కొడుకుని పట్టుకున్నాను, అంతేగా. రేపు ఆ సర్వే అమ్మాయి మళ్ళీ వచ్చి అడిగితే 'ఇంకెవరైనా' గడిలో పడేది మళ్ళీ నేనే.

"ఏదైనా సరే, అది మీ ఇద్దరూ మాట్లాడుకోండి" అని కంచం తీసుకుని లేచి వంటింట్లోకి వెళ్ళాను.

ఈసారి నన్నెవరూ పంపించలేదు.