ఫర్ష్ కింద నమీ

అమ్మీకి మోకాళ్ల దర్ద్. మెట్లు ఎక్కలేకపోతోందని కింద ఆమె కోసం ఓ కమరా కట్టించాం. బండల చలి ఆమె కాళ్లకు పడదు, కట్టె ఫర్ష్ వేయించాలనుకున్నాం. రంజాన్ చాంద్ కనపడేలోపే అయిపోతుందని కాంట్రాక్టర్ వాదా చేశాడు.

పలకలు వేయడానికొచ్చిన ఉస్తాద్ సహారన్‌పూర్ మనిషి. డబ్బాలు విప్పనే లేదు. అడుగున్నర చదరం ప్లాస్టిక్ షీటు కాంక్రీటు మీద పరిచి, నాలుగంచులకూ టేపు వేసి, 'కల్ దేఖేంగే సాబ్' అని వెళ్లిపోయాడు. 24 గంటల తర్వాత ఎత్తి చూస్తే షీటు లోపలివైపు సన్నటి చెమట. దాని కింద కాంక్రీటు నల్లబడి ఉంది.

'నమీ హై' అన్నాడు.

ఉర్దూ మీడియం బడిలో నేర్చుకున్న నమీ, డిగ్రీలో తెలుగు సార్ చెప్పిన చెమ్మ ఒకటే. రెండు జబాన్లలోనూ అది గోడకూ ఉంటుంది, కళ్లలోనూ ఉంటుంది. పైకి తెలియనివ్వకపోవడం దాని ఫిత్రత్.

కాంక్రీటు గట్టిపడటం వేరు, ఆరడం వేరు. గట్టిపడాలని రోజూ నీళ్లు కొడతాం. ఆ నీళ్లు పోవడానికి సబ్ర్ కావాలి. అంగుళం మందానికి నెల అని కారీగర్ల అందాజా. మాది నాలుగంగుళాల బెడ్, పోసి నెలే అయింది. పైగా కింది మట్టి నుంచి కూడా తడి ఎక్కుతుంది. తొందరపడి పలకలు పరిస్తే కట్టె ఆ తడి తాగి ఉబ్బుతుంది, అంచులు లేస్తాయి. అమ్మీ లాంటి వాళ్ల కాలు తట్టుకునేది అక్కడే.

'ప్లాస్టిక్ వేసి కప్పెయ్, ఎవరికి తెలుస్తుంది?' అన్నాడు కాంట్రాక్టర్.

'అమ్మాజీ కే పావోఁ కో పతా చలేగా' అన్నాడు ఉస్తాద్. అమ్మ పాదాలకు తెలుస్తుంది.

అతని మజ్దూరీ చదరపు అడుగు లెక్క. పలక పడితేనే పైసా. 'ఇంకా ఆరలేదు' అని సచ్ చెప్పినందుకు ఆ రోజు అతని చేతికి ఒక్క రూపాయి రాలేదు. కొటేషన్‌లో పలక ఉంది, పాలిష్ ఉంది, స్కర్టింగ్ ఉంది. కింద చేసే మెహనత్ ఎక్కడా లేదు. అది మాట్లాడి, విడిగా రాయించి, బయానా ఇచ్చాను.

ఈద్ పోయింది. బక్రీద్ దగ్గరపడ్డాక మళ్లీ షీటు అంటించాడు. ఈసారి పొడి. అప్పుడు పది అడుగుల పట్టీ పెట్టి నేలంతా చూశాడు. పట్టీ కింద 5 మిల్లీమీటర్లు మించి సందు ఉంటే పలక కిర్రుమంటుందట. మిట్టల్ని మెషిన్‌తో అరగదీశాడు, పల్లాల్ని లెవలింగ్ మసాలాతో నింపాడు. సిమెంటు పాలపొర గీకి, దుమ్ము తీశాడు. పాలిథిన్ షీటు, దాని మీద ఫోమ్ పరిచాడు. పలకల్ని రెండు రోజులు ఆ గదిలోనే ఉంచాడు, గాలికి అలవాటు పడాలని. కట్టె ఉబ్బినా జాగా ఉండేలా గోడల పక్కన సందు వదిలాడు.

ఫర్ష్ పడ్డాక ఇవేవీ కనపడవు. అందుకే హిసాబ్ కాగితంలో ముందే రాయించుకోండి: ఆరే రోజులు, అరగదీత, చదును. ఎవరి మెహనతో, ఎంత ఇవ్వాలో కూడా.