కొత్త శిక్షకుడు – పాత అభిమానులు

'కొత్తొక వింత, పాతొక రోత' అని సామెత. ఫుట్‌బాల్ అభిమానుల లోకంలో మాత్రం ఈ సామెత ఒక్కొక్కరికి ఒక్కొక్క విధంగా వర్తిస్తుంది. తాము అభిమానించే జట్టుకు కొత్త శిక్షకుడు వచ్చాడని తెలిసిన రోజున కొందరు పండుగ చేసుకుంటారు. కొందరు వెళ్లిపోయిన వానిని తలచుకొని దిగులు పడతారు. మరికొందరు పెదవి విరిచి, "చూద్దాం" అని ఊరుకుంటారు.

ఆలోచిస్తే ఇది ఆశ్చర్యం కలిగించే విషయమే. శిక్షకుడు బంతిని తన్నడు, గోలు వేయడు. ఆట సాగినంతసేపూ గీత వెలుపల నిలబడి ఉంటాడు. అయినా పదకొండుమందిలో ఎవరు ఆడాలో, ఎవరు ఏ చోట నిలవాలో, ముందుకు దూకాలో వెనుక కాచుకోవాలో నిర్ణయించేది అతడే. గెలిస్తే పేరు ఆటగాళ్లకు వస్తుంది; ఓడితే నింద మొదట శిక్షకుని మీద పడుతుంది. అందుకే ఆటగాని రాకకన్నా శిక్షకుని రాక అభిమానులను ఎక్కువగా కదిలిస్తుంది.

ఆంధ్ర సరిహద్దుకు దగ్గరలో, చెన్నై – గూడూరు రైలు మార్గం మీద ఉన్న ఊరు కవరైపేట్టై. వీధిలో తమిళం, ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు ఈ ప్రాంతంలో ఎన్నో ఉన్నాయి. ఇక్కడ లోకల్ రైలు ఎక్కి పొన్నేరి, మీంజూరు దాటి మూర్ మార్కెట్ స్టేషన్‌లో దిగితే, నడిచి వెళ్లేంత దూరంలోనే జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం ఉంది. అది 2014లో ఏర్పడిన చెన్నయిన్ ఎఫ్.సి. జట్టు సొంత మైదానం. ఆట ఉన్న రోజున నీలిరంగు చొక్కాలు వేసుకొన్న యువకులు ఆ రైళ్లలో కనిపిస్తారు. వారి మాటల్లో ఆటగాళ్ల పేర్లు ఎంతగా దొర్లుతాయో, శిక్షకుని పేరూ అంతగానే దొర్లుతుంది.

"ఏమి మామా, కొత్త కోచ్ వచ్చినాడంట గదా?" అని మేనల్లుడు అడుగుతాడు.

"వచ్చినాడులేరా. చలి దేశమాయె! మన ఎండకు తట్టుకుంటాడా లేదా చూడాల" అంటాడు మామ.

"పోయినాయన కప్పు తెచ్చినాడు. ఆయన్నెందుకు పంపించినారు మామా?"

"కప్పు పోయినేడు తెచ్చినాడు అల్లుడా! ఈ ఏడు ఏం తెచ్చినాడు?"

ఇటువంటి సంభాషణకు అంతం లేదు. ఇందులో మామ మాటా కాదనలేనిది, అల్లుని మాటా కాదనలేనిది. చెన్నై జట్టు చరిత్రను పరిశీలిస్తే ఆ సంగతి బోధపడుతుంది.

ఈ జట్టుకు మొదటి శిక్షకుడు ఇటలీ దేశస్థుడైన మార్కో మాటెరాజ్జి. అతడు 2006లో ప్రపంచ కప్పు గెలిచిన ఇటలీ జట్టులో ఆడినవాడు. అంతటివాడు చెన్నైకి రావడమే అభిమానులకు గర్వకారణమైంది. 2014లో మొదటి ఏడాదే జట్టు లీగు దశలో అగ్రస్థానంలో నిలిచింది, సెమీఫైనల్‌లో ఓడింది. 2015లో ఒక దశలో పట్టికలో అట్టడుగుకు పడిపోయింది. మొదట గర్వించినవారిలోనే అనుమానాలు తలెత్తాయి. తరువాత జట్టు కోలుకొని వరుసగా గెలిచింది. అంతలో చెన్నై నగరాన్ని వరదలు ముంచెత్తాయి. సొంత మైదానంలో జరగవలసిన సెమీఫైనల్ పూణెలో జరిగింది. డిసెంబరు 20న గోవాలో జరిగిన ఫైనల్‌లో చివరి నిమిషాలలో వెనుకబడిన జట్టు, ఆఖరున కోలుకొని 3–2తో కప్పు గెలిచింది. వరదల వల్ల కష్టాలపాలైన నగరానికి అది కొంత ఊరట. ఆ మరుసటి ఏడాది జట్టు ఏడవ స్థానానికి దిగజారింది. 2017 మార్చిలో మాటెరాజ్జి వెళ్లిపోయాడు.

అతని స్థానంలో ఇంగ్లండుకు చెందిన జాన్ గ్రెగరీ వచ్చాడు. మాటెరాజ్జిని ఆరాధించిన అభిమానులకు ఆ చోట మరొకరిని ఊహించుకోవడం కష్టమైంది. అయితే 2018 మార్చి 17న బెంగళూరులో, బెంగళూరు జట్టునే 3–2తో ఓడించి గ్రెగరీ రెండవ కప్పు తెచ్చాడు. అనుమానించినవారే చప్పట్లు కొట్టారు. మరుసటి ఏడాది అదే గ్రెగరీ ఆధ్వర్యంలో జట్టు 18 ఆటలలో 9 పాయింట్లు మాత్రమే సంపాదించి, పది జట్లలో పదవదిగా మిగిలింది. 2019 నవంబరు చివర అతడు తప్పుకొన్నాడు.

డిసెంబరులో ఓవెన్ కాయిల్ బాధ్యత చేపట్టాడు. ఆటగాళ్లు చాలావరకు పాతవారే. ఆడే తీరు మారింది. వెనుకకు తగ్గి కాచుకొనే జట్టు ముందుకు దూకి గోల్స్ వేయసాగింది. అడుగున ఉన్న జట్టు 2020 మార్చి 14న ఫైనల్ దాకా వెళ్లింది. కరోనా భయంతో ప్రేక్షకులు లేని మైదానంలో ఆ ఆట జరిగింది. చెన్నై 1–3తో ఓడింది. అయినా కాయిల్ అభిమానుల మనసు గెలిచాడు. తరువాత అతడు జంషెడ్‌పూర్ జట్టుకు వెళ్లి, 2021–22లో దానిని లీగులో ప్రథమ స్థానంలో నిలిపాడు. చేతిలో ఉన్న మాణిక్యాన్ని జారవిడుచుకొన్నామని చెన్నై అభిమానులు వాపోయారు.

ఆ తరువాతి మూడేళ్లలో చెన్నైకి ఏడాదికొక శిక్షకుడు వచ్చాడు: చాబా లాస్లో, బోజిదార్ బాందోవిచ్, థామస్ బ్రదారిచ్. ముగ్గురికీ స్వాగతం పలికారు, ముగ్గురినీ సాగనంపారు. మూడేళ్లూ 11 జట్లలో చెన్నైది ఎనిమిదవ స్థానమే! ఇక్కడ అభిమానులు నేర్చుకోవలసిన పాఠం ఉంది. కాయిల్ వచ్చినప్పుడు ఒక్క మనిషి మారితే జట్టు మారింది. ఈ మూడేళ్లలో మనిషి మారినా జట్టు మారలేదు. ఆటగాళ్ల ఎంపిక, వారికి తగిలే గాయాలు, యజమానులు పెట్టే ఖర్చు, సాధనకు దొరికే సమయం – ఇవన్నీ కలిస్తేనే ఫలితం. 'అత్త మీద కోపం దుత్త మీద చూపినట్లు' ప్రతి ఓటమికీ శిక్షకునే తప్పుపడితే అసలు లోపం దాగిపోతుంది.

2023 జూలైలో కాయిల్ తిరిగి వచ్చాడు. అభిమానుల ఆనందానికి అవధులు లేవు. జట్టు ఆ సీజనులో ఆరవ స్థానం పొంది తరువాతి దశకు చేరింది. కాని 2024–25లో 13 జట్లలో 11వ స్థానానికి జారింది. ప్రేమతో పిలిపించుకొన్న మనిషే అయినా, గడచిన కాలాన్ని వెంట తీసుకొని రాలేడు కదా! 2025లో కాయిల్ వెళ్లగా, గోవాకు చెందిన క్లిఫర్డ్ మిరాండా శిక్షకుడయ్యాడు. ఒడిషా జట్టుకు 2023లో సూపర్ కప్పు సాధించి పెట్టిన భారతీయుడు అతడు. అప్పటిదాకా విదేశీయులకే అప్పగించిన జట్టు పగ్గాలు మన దేశస్థునికి దక్కాయని కొందరు సంతోషించారు. ఇంత భారం మోయగలడా అని కొందరు సందేహించారు.

శిక్షకుని విలువ ఒక్క ఆటతో తేలదని చెప్పడానికి తెలుగు నేల మీదే గొప్ప ఉదాహరణ ఉంది. హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం మొదట బడిపంతులు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951లో ఆసియా క్రీడల స్వర్ణం సాధించింది. మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్‌లో, ఎక్కువమంది వట్టికాళ్లతో ఆడిన ఆ జట్టు యుగోస్లావియా చేతిలో 1–10తో ఓడిపోయింది. ఆ ఒక్క రోజును చూసి రహీం పని అయిపోయిందని తీర్పు చెప్పి ఉంటే? అదే రహీం 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టును నాలుగవ స్థానంలో నిలిపాడు. క్యాన్సరుతో బాధపడుతూనే 1962లో జకార్తాలో మళ్లీ స్వర్ణం సాధించి పెట్టాడు. 1963 జూన్‌లో కన్నుమూశాడు.

అలాగని అభిమాని నోరు మెదపకూడదని కాదు. కూలి డబ్బులోనో, జీతంలోనో కొంత మిగిల్చి టిక్కెట్టు కొంటాడు. రాత్రి ఆఖరి రైలు అందుకోవడానికి పరుగెత్తుతాడు. జట్టు ఎందుకు ఓడుతున్నదో అడిగే హక్కు అతనికి ఉంది. అయితే అడగడం వేరు, అవమానించడం వేరు. ఆటలోని తప్పును ఎత్తి చూపవచ్చు; మనిషి దేశాన్నీ, రంగునూ, భాషనూ ఎత్తిపొడవరాదు. తల్లిదండ్రుల భాష ఒకటి, బజారు భాష మరొకటిగా పెరిగే పిల్లలకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. కొత్త చోట మొదటి రోజున నలుగురూ తమ మాట తీరును గమనిస్తూ ఉంటే ఎలా ఉంటుందో వారికి తెలుసు.

తాత్కాలికంగా పనిచేసినవారిని వదిలితే, 2014 నుంచి 2025 వరకు చెన్నై జట్టు శిక్షకులుగా ఏడుగురు నియమితులయ్యారు. ప్రతి ఒక్కరూ ఒప్పందం మీద సంతకం పెట్టి వచ్చినవారే. గడువు తీరాకనో, తీరకముందో వెళ్లినవారే. అభిమానికి ఏ ఒప్పందమూ లేదు. అతనిని ఎవరూ నియమించలేదు, తొలగించనూలేరు. జట్టు నిజంగా ఎవరిది అన్న ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది. తనదైన దానిని మనిషి తొందరపడి తూలనాడడు. అలాగని లోపం కనబడితే కళ్లు మూసుకోడు కూడా.