చిత్రంలో లేని మనిషి

గత దీపావళికి మా తమ్ముని వద్దనుండి ఒక గ్రీటింగు కార్డు వచ్చింది. అతడు బోస్టన్ నగర సమీపంలో స్థిరపడినవాడు. నాన్నగారు దివంగతులైన పిదప ఇంటి పంపకం విషయమై మా మధ్య మాటలు నిలిచిపోయి ఆరు సంవత్సరాలు. కార్డు లోపల "అన్నయ్యకు, వదినకు దీపావళి శుభాకాంక్షలు" అన్న ఒక్క వాక్యం, క్రింద సంతకం. పైన మాత్రం ఒక పురాతన చిత్రం. హిమశిఖరాల నేపథ్యంలో రెక్కలు విప్పి ఊర్ధ్వముఖంగా ఎగురుతున్న మహాపక్షి. దాని నఖాలలో రక్తసిక్తమైన తెల్లని కుందేలు.

నా సహధర్మచారిణి చూడగానే "గరుత్మంతుడండీ!" అని దానిని పూజామందిరంలో స్వామి పటం ప్రక్కన నిలబెట్టింది. నాకు తోచిన అర్థం వేరు. ఆ గద్ద మా తమ్ముడు, ఆ కుందేలు మా ఇల్లు. కావాలనే ఈ బొమ్మను ఏరి పంపాడనుకున్నాను. ఇరువది ఏళ్లుగా నలుగురికి ఉపనిషత్తులు చెబుతున్నవాని మనస్సు పండుగ పూట చేసిన భాష్యమిది.

కార్డు వెనుక చిత్రకారుని పేరు ఉంది: జాన్ జేమ్స్ ఆడుబాన్. 1827 నుండి 1838 వరకు 'బర్డ్స్ ఆఫ్ అమెరికా' పేర ఆయన వెలువరించిన 435 చిత్రఫలకాలలో ఇది 181వది. ఆయన గీసిన గద్దలు, డేగలు, గుడ్లగూబలు నేటికీ శుభాకాంక్షలు మోస్తూ దేశదేశాలు తిరుగుతున్నాయి. కుతూహలం కొద్దీ ఈ చిత్రం పుట్టుక ఎట్టిదో వెదికి చదివాను. చదవకుండా ఉంటే బాగుండేదని ఆ రాత్రి అనిపించిన మాట నిజం.

1833లో బోస్టన్‌లోనే ఆడుబాన్ ఈ పక్షిని సజీవంగా కొన్నాడు. నక్కల కోసం పన్నిన ఉచ్చులో అది చిక్కిందట. మొదటి దినమంతా దాని చేష్టలను పరిశీలించాడు. రెండవ దినం ఏ భంగిమలో చిత్రించాలో నిశ్చయించాడు. మూడవ దినం, బాధ కలుగకుండా దాని ప్రాణం తీయడమెలాగని ఆలోచించాడు. నడుమ దానిని విడిచిపెడదామన్న తలపు పలుమార్లు కలిగిందని, విశాలమైన రెక్కలు చాచి తన కొండలకు ఎగిరిపోవడం చూస్తే ఎంత హాయిగా ఉంటుందో అనుకున్నానని ఆయనే వ్రాసుకున్నాడు. అయినా చిత్రకాంక్షయే గెలిచింది. గది తలుపులు బిగించి బొగ్గుల పొగ పెట్టాడు. గంటల తరువాత తెరచి చూస్తే ఆ పక్షి రెప్ప వాల్చక ఆయన వంకనే చూస్తూ కూర్చుని ఉంది. మరునాడు గంధకం కూడా కలిపాడు. ఇంటిలోని మనుషులు ఆ వాసనకు నిలువలేకపోయారు గాని పక్షి చలించలేదు. చివరకు వాడియైన పొడవాటి ఉక్కు ముక్కను దాని గుండెలో దింపాడు. తరువాత పక్షం రోజుల పాటు బొమ్మ గీసి, ఆ శ్రమకు తాను జబ్బుపడ్డాడు.

గద్ద కుందేలును పట్టడం ఆకలి. దానిలో పాపపుణ్య విచారణకు తావు లేదు. ఇక్కడ చంపినవాడు మాత్రం విడిచిపెట్టడమనే మార్గాన్ని స్పష్టంగా చూసి, దాని సౌందర్యాన్ని కూడా అనుభవించి, ఆపైన చంపాడు. జ్ఞానం లోపించి చేసినది కాదు.

దీనికంటె నన్ను పట్టి కుదిపిన విషయం మరొకటి ఉంది. న్యూయార్క్ చారిత్రక సంఘంలో భద్రపరచిన మూలచిత్రంలో ఒక మూల, అగాధంపై అడ్డంగా పడిన మ్రానును ప్రాకుతూ దాటుతున్న ఒక చిన్న మనిషి ఉన్నాడు. వీపున చంపిన పక్షి. ఆడుబాన్ తననే అక్కడ చిత్రించుకున్నాడని పలువురు పండితుల అభిప్రాయం. లండన్‌లో రాబర్ట్ హావెల్ చెక్కిన ముద్రణాఫలకానికి వచ్చేసరికి ఆ మనిషి లేడు. నా చేతిలోని కార్డు ఆ ముద్రణకు ప్రతి. దానిలో గద్ద ఉంది, కుందేలు ఉంది, రక్తం ఉంది, కర్త లేడు.

ఆరేళ్లుగా మా ఇంటి తగాదాను నేను బంధువులకు చెబుతున్నది సరిగ్గా ఈ ముద్రణే. నాన్నగారు మంచం పట్టిన నెలలో, తమ్మునికి కబురైనా చేయకుండా వీలునామా వ్రాయించి, వణుకుతున్న ఆయన చేతిని పట్టి సంతకం పెట్టించినవాడు ఏ మూలనో ఉండాలి. నా కథలో వాడు ఎన్నడూ లేడు. పైగా మనస్సు గుచ్చినప్పుడల్లా ఆత్మ అకర్త అన్న సిద్ధాంతం చేతికి అందివచ్చేది. కర్తృత్వాన్ని జ్ఞానంతో దహించడం వేరు, చేసిన పనిని చెరిపివేయడానికి వేదాంతాన్ని రబ్బరుగా వాడడం వేరు. మాంసఖండాన్ని విడిచి సుఖపడిన కురరపక్షిని గురువుగా స్వీకరించిన భాగవతంలోని అవధూత కథను ఒక సాయంకాలం సభలో మైమరచి చెప్పి, ఇంటికి రాగానే వకీలుకు ఫోను చేసినవాణ్ణి నేను.

ఆ వారంలోనే తమ్మునికి ఉత్తరం వ్రాశాను. వీలునామా సంగతి దాచకుండా, ఏ సంస్కృత పదమూ అడ్డుపెట్టకుండా, ఒకటిన్నర పుట. మూడు ప్రతులు చింపవలసి వచ్చింది. ప్రతి దానిలోను ఎక్కడో ఒకచోట మళ్లీ నేను తప్పుకున్నాను.

బొమ్మ వెనుక కథ విన్న తరువాత కార్డును పూజామందిరంలోనుండి తీసివేయమంటావా అని నా సహధర్మచారిణిని అడిగాను. "పక్షి ఏం చేసిందండీ? ఉండనివ్వండి" అని, దాని ముందు ఒక నందివర్ధనం పువ్వు పెట్టింది.

ఉత్తరం పంపి ఐదు వారాలైంది. ప్రత్యుత్తరం ఇంకా రాలేదు.